చూసినవాడు చెప్పాలి

దుబాయ్ పనికి పోయే మావాళ్లకు డాక్టరు పరీక్ష అంటే తెలిసింది ఒక్కటే, మెడికల్. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీస్తారు. ఫిట్ అని వస్తే విమానం ఎక్కుతాం, అన్‌ఫిట్ అని వస్తే ఇంటికి పోతాం. అందుకే మెడికల్‌కు మావాళ్లు దీక్ష పట్టినట్టు తయారవుతారు. చాలా ముందునుంచే బీడీ మానేస్తారు. బార్లీ నీళ్లు తాగుతారు. ముందురోజు కడుపునిండా తిని పెందలాడే పడుకుంటారు. వీసా రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఒంట్లో ఏముందో తెలుసుకుందామని కాదు, ఏమైనా ఉంటే అది బయటపడకూడదని. నేనూ అట్లా పాసవుతూ వచ్చినవాణ్నే. ఆ బుద్ధితోనే ఒక వేసవిలో నా బామ్మర్ది ప్రాణంతో ఆడుకున్నాను.

అప్పుడు నేను అబుదాబికి దూరంగా ఉన్న రువైస్‌లో, రిఫైనరీ పనుల్లో స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌ను. ఎత్తయిన టవర్ల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు కట్టించడం నా పని. వాటి మీద నిలబడి వెల్డర్లు, పెయింటర్లు పనిచేస్తారు. మంచె కట్టడం అయ్యాక పైపులను కలిపి బిగించే ప్రతి క్లాంపునూ నా చేత్తో కదిపి చూసి, గట్టిగా ఉంటే పచ్చ ట్యాగు తగిలిస్తాను. అనుమానం ఉంటే ఎర్ర ట్యాగు. ఎర్ర ట్యాగు ఉన్న మంచె ఎవరూ ఎక్కకూడదు, ఎంత పెద్దవాడు చెప్పినా సరే. ఆ విషయంలో నాకు మంచి పేరుండేది. మా మేనేజరును అందరం ముదీర్ అంటాం. ఆయన కిందినుంచి కేకలు పెడుతున్నా, ఒక్క క్లాంపు లూజుగా ఉంటే నేను ఎర్ర ట్యాగు తీసేవాణ్ని కాదు.

బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. వాణ్ని రువైస్‌కు పిలిపించింది నేనే. క్యాంపులో ఒకే రూము మాది, నా మంచానికి పైమంచం వాడిది. పైపుల మీద వాడు నడిచే తీరు చూసి గ్యాంగులో అందరూ కోతి అనేవాళ్లు. "కోతి గాదురా, హనుమంతుడనున్రి" అని వాడు సరిదిద్దేవాడు.

మాస్కులు ఇంకా ముఖాల మీదే ఉన్న రోజులు. ఒక సెలవునాడు మధ్యాహ్నం రూములో మేమిద్దరమే ఉన్నాం. మిగతావాళ్లు కటింగ్ చేయించుకోవడానికి బజారుకు పోయారు. వాడు కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, వాళ్లక్క వంట మీద ఏదో జోకు చెబుతున్నాడు. మాట మధ్యలో ఆగిపోయింది. తల మెల్లగా కుడివైపు తిరిగింది, ఆ పక్కనుంచి ఎవరో పిలిచినట్టు. గొంతులోంచి మేక అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. కత్తి జారిపోయింది. వాడు పక్కకు ఒరిగి పడ్డాడు.

మా ఊళ్లో మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారు. తాళంచెవులు, కత్తెర, ఏది దొరికితే అది. నాకు అదొక్కటే గుర్తొచ్చింది. జేబులోంచి కంపెనీ పికప్ తాళాలు తీసి వాడి కుడి పిడికిట్లో పెట్టబోయాను. అది అప్పటికే బిగుసుకుపోయింది. వేళ్లు విడదీయలేకపోయాను. ఎడమచేతిలో పెట్టి, నా రెండు చేతులతో మూసి పట్టుకున్నాను. ఇంతలో ఆ చెయ్యి కూడా బిగుసుకుంది. వాడి ఒళ్లంతా కొట్టుకుంటుంటే నేనూ వాడితోపాటు ఊగిపోయాను. ఎంతసేపు అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆగిన తర్వాత గురకపెట్టి నిద్రపోయాడు. నాలుక అంచు తెగి నోటి పక్కన రక్తం కనిపించింది. లుంగీ తడిసింది. నేను లేచి తలుపు గడియ పెట్టాను. వాడి లుంగీ మార్చాను. నేల తుడిచాను. తడిసిన లుంగీ ఉతికి బకెట్‌లో పెట్టి మంచం కిందికి తోశాను. ఆ పనులు చేస్తున్నప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని. వాడికి కూడా.

చాలాసేపటికి వాడు కళ్లు తెరిచాడు.

"ఏమైంది బావా? నోరంత మండుతున్నది."

"ఏం కాలే. కళ్లు తిరిగి పడ్డవ్. పొద్దటి సంది ఏం తినకపోతివి, ఎండదెబ్బ."

వాడు ఎడమ అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. తాళంచెవి పళ్లు ఒక్కొక్కటీ ఎర్రగా అచ్చు దిగి ఉన్నాయి.

"గీ గుర్తేంది?"

"కింద తాళాలుండె. వాటి మీద పడ్డవ్."

వాడు తరగడం పూర్తయిన కుప్ప వైపు చూశాడు. "మరి గా మిగిలిన ఉల్లిగడ్డలు గోసిందెవలు?"

"నేనే."

"గందుకే బండలోలె ఉన్నయి," అని నవ్వి, నీళ్లు తాగి, మళ్లీ పడుకున్నాడు.

ఎందుకు దాచావంటే కారణాలు చాలా చెప్పగలను. రిఫైనరీలో షట్‌డౌన్ దగ్గరపడింది. యూనిట్ ఆపి రిపేర్లు చేసే ఆ రోజుల్లో ఎత్తున పనిచేసే మనుషులు ఎంతమంది ఉన్నా చాలరు. మూర్ఛ అనే మాట బయటికొస్తే వాణ్ని ఇంటికి పంపేస్తారు. ఊరికి వాడికంటే ముందు ఆ మాట చేరుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ వాణ్ని ముదీర్ ముందు నిలబెట్టి, నా గ్యాంగులో వీడే నంబర్ వన్ అన్నది నేను. ఆ మాట పోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంట్లో ఏ కష్టం వచ్చినా "నేను చూసుకుంట, మీరు ఊకోన్రి" అనడం నాకు మొదటినుంచీ అలవాటు. పెళ్లయిన కొత్తలో నా భార్య ఆ మాటకు మురిసిపోయేది. తర్వాత ఎప్పుడో మురవడం మానేసింది. అది నేను గమనించలేదు.

కొన్నాళ్లకు, షట్‌డౌన్ మొదలైన వారంలోనే, వాడు సైటులో పడిపోయాడు. ఎండాకాలం మధ్యాహ్నపు విరామం ముగిసి అందరూ లేస్తుంటే వాడొక్కడూ లేవలేదు. పైపుల గుట్ట వెనక నీడలో పడి ఉన్నాడు. పడటం ఎవరూ చూడలేదు. లేపితే కాసేపు ఎవరినీ గుర్తుపట్టలేదు. ఎండదెబ్బే అన్నారు అంతా. సైటు క్లినిక్ డాక్టరు సెలైన్ పెట్టించి, ఎండ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అబుదాబిలో నరాల డాక్టరుకు చూపించి తలకు గ్రాఫ్ తీయించండి అన్నాడు. అంతదాకా వాడు ఎత్తు ఎక్కకూడదన్నాడు.

వెంట పోయేది ఎవరంటే నేనే. చుట్టాన్ని, ఇంగ్లీషు కొంత వచ్చినవాణ్ని. బామ్మర్దికి తెలుగు, క్యాంపు హిందీ తప్ప ఇంకేం రావు.

రువైస్‌నుంచి అబుదాబికి దారి పొడుగునా ఇసుక, ట్రక్కులు. దారిలో వాడు అడిగాడు.

"తలకు కరెంట్ పెడ్తరంట గద బావా. రూముల పెద్దాయన జెప్పిండు."

"పెట్టరు."

"పెడితే పెట్టనీ గని, ఉన్న తెలివి పోవద్దు."

"ఉంటె గద పోయేది," అన్నాను. వాడు గట్టిగా నవ్వాడు.

డాక్టరమ్మది సూడాన్. నెమ్మదిగా మాట్లాడే మనిషి. పడిపోయినప్పుడు ఎవరు చూశారని ఇంగ్లీషులో అడిగారు. ఎవరూ చూడలేదన్నాను. అది నిజమే. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా, అతన్ని అడిగి చెప్పు అన్నారు.

నేను వాడివైపు తిరిగాను. "ఇంతకుముందు ఎప్పుడన్న కళ్లు తిరిగినయా?"

"గా సెలవు నాడు తిరిగినయి గద. నువ్వే జెప్తివి."

నేను డాక్టరమ్మవైపు తిరిగాను. "లేదు డాక్టర్. ఇదే మొదటిసారి."

వాడు నా పక్కనే కూర్చుని, తన మాట చేరవేసినందుకు తృప్తిగా తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

గ్రాఫ్ తీసే గది వరండా చివర ఉంది. పక్క గదిలో చేతుల నరాలకు, కండరాలకు పరీక్ష చేస్తున్నారు. చిన్న చిన్న షాకులు ఇచ్చి చూస్తారట. లోపలినుంచి ఎవరిదో ముసలి గొంతు షాకు షాకుకీ "యా అల్లా" అంటోంది. అది విని బామ్మర్ది గుమ్మంలోనే ఆగిపోయాడు. టెక్నీషియన్ మలయాళీ అమ్మాయి, హిందీ మాట్లాడింది. "డరో మత్. హమ్ కరెంట్ నహీ దేతా. తుమ్హారా కరెంట్ దేఖ్తా," అంది. మేం నీకు కరెంటు పెట్టం, నీలో ఉన్న కరెంటునే చూస్తాం అని. వాడు కొంచెం తేరుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇత్నా తేల్ కౌన్ లగాయా?"

"దీదీ బోలీ," అన్నాడు వాడు. ముందురోజు వీడియో కాల్‌లో వాళ్లక్క, తలకు మంచిగా నూనె పెట్టుకోరా, సల్లగుంటది అని చెప్పింది. నూనె ఉంటే వైర్లు అతుక్కోవు. బాత్‌రూములో సబ్బుతో వాడి తల నేనే రుద్దాను. వంగి నిలబడి "మెల్లగ బావా, గిన్నె తోముతున్నవా" అంటూనే ఉన్నాడు.

ఆమె టేపుతో తల కొలిచి ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. ఒక్కో గుర్తు దగ్గర ఇసుకలాంటి పేస్టుతో చర్మం రుద్ది, ఒక్కో వైరు అంటించింది. కళ్లు మూయమంది, తెరవమంది. గట్టిగా ఊపిరి తీసి వదలమంది. ముఖం ముందు లైటు పెట్టి టపటపా వెలిగించి ఆర్పింది. తెర మీద గీతలు వరసగా పరుగెత్తుతున్నాయి. నేను మూలన నిలబడి ఆ గీతలనే చూశాను. కన్ను ఆడిస్తే గీత ఎగురుతోంది, దవడ కదిపితే నల్లగా అలుక్కుపోతోంది. అంత చిన్న కదలికను పట్టుకునే మిషన్ నేను దాచింది పట్టుకోదా అనుకున్నాను.

పట్టుకోలేదు. నార్మల్ అన్నారు డాక్టరమ్మ.

నేను లేవబోయాను. ఆమె కూర్చోమని సైగ చేశారు. ఒక్కసారి నార్మల్ వస్తే జబ్బు లేదని కాదు, పరీక్ష జరిగిన ఆ కాసేపట్లో ఏమీ కనబడలేదని మాత్రమే అర్థం అన్నారు. మెదడు నిద్ర లేక అలసిపోయినప్పుడు, కునుకులోకి జారేటప్పుడు, దాగి ఉన్నది బయటికి రావచ్చు. అందుకని వచ్చేవారం ఇంకోసారి తీయాలి. ముందురాత్రి అసలు నిద్రపోకూడదు. టీ, కాఫీ తాగకూడదు. అతనికి వివరంగా చెప్పు అన్నారు.

"ఏమంటున్నది బావా?" అన్నాడు వాడు.

నాలోని మెడికల్ బుద్ధి లేచింది. అలసిపోతే బయటపడుతుందట. అయితే అలసిపోకూడదు.

"వచ్చేవారం ఇంకోసారి రమ్మంటున్నది. ముందు రాత్రి మంచిగ తిని, నిండా పండుకొని రావాల్నట."

"గంతేనా? గది నాకు మస్తు అస్తది," అన్నాడు.

తిరిగొస్తుంటే ముదీర్ ఫోన్ చేశాడు. ఏమన్నారని అడిగాడు. నార్మల్ వచ్చింది సార్ అన్నాను. ఇంకో పరీక్ష ఉందని చెప్పలేదు. "నార్మల్? ఖలాస్. కల్ సే ఊపర్ భేజో," అన్నాడు. క్లినిక్‌కు నేను చెప్పుకుంటానన్నాను.

మర్నాడు వాణ్ని పైకి పంపాను. నేనే. బెల్టు హుక్కు నా చేత్తో లాగి చూశాను, హెల్మెట్ పట్టీ బిగించాను. అంతవరకే చూశాను. వాడు నిచ్చెన ఎక్కుతుంటే గ్యాంగులో ఎవరో "కోతి వచ్చిందిరా" అని అరిచారు.

ఆ వారమంతా నేను తల దించలేదు. మెడ పట్టేసింది. పక్కవాళ్లు మాట్లాడితే వినిపించేది కాదు. బెల్టు ఉంది కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. కానీ ఒక హుక్కు తీసి ఇంకోచోట తగిలించే క్షణాలు ఎన్నో ఉంటాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఒకరోజు పొద్దున వాడు పైన స్పానర్ ఎత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. తల కుడివైపు తిరిగి ఉంది. "రేయ్!" అని అరిచాను. సైటంతా నావైపు చూసింది.

వాడు వంగి కిందికి చూశాడు. "ఏందే బావా? సముద్రం గనబడుతున్నది, జూస్తున్న!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా వాణ్ని దింపాల్సింది. దింపితే ఎందుకని అడుగుతారు. దింపలేదు.

రెండో పరీక్ష ముందురోజు రూములో వాడికి మర్యాదలు జరిగాయి. పక్క మంచం పెద్దాయన తన మెడికల్ కథలన్నీ చెప్పి, చేతిలో బార్లీ నీళ్ల గ్లాసు పెట్టాడు.

"గిది తలకాయ పరీక్ష తాతా. బార్లీ నీళ్లెందుకు?"

"ఏ పరీక్షయితేంది? అన్‌ఫిట్ అనెటోడు ఒక్కడే. తాగు."

తొందరగా లైటు ఆర్పేశాం. పైమంచం మీద వాడి గురక మొదలయ్యాక గానీ నేను కళ్లు మూయలేదు. పొద్దున బండిలో కూడా సీటు వెనక్కి వాల్చి, పండుకో అన్నాను. అబుదాబి దాకా పడుకున్నాడు.

ఆ టెక్నీషియన్‌కు హిందీ వచ్చన్న సంగతి నాకు తెలియకపోలేదు. కిందటిసారి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. అయినా నాకు తట్టలేదు. ఆ ఆసుపత్రిలో వాడి నోరు నేనే అన్న ధీమాలో ఉన్నాను.

ఆమె టేపు తీసి తల కొలుస్తూ, రాత్రి కొంచెం కూడా నిద్రపోలేదు కదా అని అడిగింది. "రాత్ కో థోడా భీ నహీ సోయా నా?"

"పూరా సోయా సిస్టర్," అన్నాడు వాడు గర్వంగా. "గాడీ మే భీ సోయా."

ఆమె చేతులు ఆగాయి. "సోయా? కౌన్ బోలా సోనే కో?"

"డాక్టర్ మేడమ్."

"మేడమ్ నహీ సోనే కో బోలీ. జాగ్‌కే ఆయేగా, తభీ దిఖేగా." మేడమ్ నిద్రపోవద్దన్నారు, మేలుకుని వస్తేనే కనబడుతుంది అని.

"క్యా దిఖేగా?"

"ఫిట్స్ హై క్యా నహీ," అంది ఆమె, ఇది కూడా తెలియకుండా వచ్చావా అన్నట్టు.

వాడు నావైపు చూశాడు. కోపంగా కాదు. ఇందులో ఏదో పొరపాటుంది, బావ సర్దిచెబుతాడు అన్నట్టు చూశాడు. నేను సర్దిచెప్పలేదు. వాడి ముఖంలో నమ్మకం మెల్లగా తగ్గిపోవడం నా కళ్ల ముందే జరిగింది.

"బావా, జర బయటికి రా," అన్నాడు.

వరండాలో నీళ్ల మిషన్ దగ్గర నిలబడ్డాం.

"నాకు ఫిట్స్ అచ్చినయా?"

"మెల్లగ మాట్లాడు."

"ఈడ మన తెలుగోళ్లెవలున్నరు ఇనటానికి? అచ్చినయా, రాలేదా?"

"అచ్చినయి."

"ఎన్నడు?"

"ఉల్లిగడ్డలు గోసిన నాడు."

వాడు ఎడమ అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. గుర్తు ఎప్పుడో పోయింది. "నా లుంగీ తడిసి బకెట్ల ఎందుకున్నదో అప్పుడే అడుగుదామనుకున్న. బావకు తెల్వదా, ఏదున్నా జెప్తడు గద అని ఊకున్న."

"నీ మంచికే..."

"మంచికా? మంచికే నన్ను గా టవర్ ఎక్కిచ్చినవా?" గొంతు పెంచలేదు వాడు. పెంచినా బాగుండేది. "ఒక్క క్లాంపు లూజుంటె ఎర్ర ట్యాగ్ ఏస్తవ్ గద నువ్వు. ముదీర్ తిట్టినా తియ్యవ్. నాకే ట్యాగ్ ఏసినవ్ బావా?"

నేను నీళ్లు పట్టి ఇవ్వబోతే వాడు గ్లాసు తీసుకోలేదు.

"దినాం కింద నిలవడి నన్నే జూస్తుంటివి. మా బావకు నా మీద ఎంత పావురమో అనుకున్న. నేనే జెప్పుకుందామంటె నాకేం తెల్వకపాయె. నా పానంల ఏం జరిగిందో నీకొక్కనికే తెలుసు. పా, డాక్టరమ్మకు జెప్పు. నేను గూడ అస్త. ఈసారి ఒక్కొక్క మాట నాకు గూడ జెప్పాలె."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ని. కుర్చీ నావైపు తిప్పుకుని, మొదటినుంచి చెప్పు అన్నారు. ఏ మాట ముందు ఆగింది? తల ఎటు తిరిగింది? కళ్లు తెరిచి ఉన్నాయా? ఏ చెయ్యి ముందు బిగిసింది?

ఏ చెయ్యో తెలియదన్నాను. భయంలో చూడలేదన్నాను. తర్వాత తాళాల సంగతి చెప్పాను, సిగ్గుపడుతూనే. ఆమె ముందుకు వంగారు. "తాళాలు ఏ చేతిలో పెట్టావు?"

"ఎడమచేతిలో."

"ఎందుకు ఎడమ?"

"కుడిది అప్పటికే బిగిసిపోయింది. వేళ్లు రాలేదు."

ఆమె తల ఊపారు. అదే తనకు కావలసింది అన్నారు. తల కుడివైపు తిరిగి, కుడిచెయ్యి ముందు బిగిసిందంటే మెదడులో ఎడమపక్క మొదలై ఉండవచ్చట. మిషన్ చూసేది కాసేపే, మిగతా రోజులన్నిటికీ మాకు చూసినవాడి మాటే ఆధారం అన్నారు. తాళాలతో మూర్ఛ ఆగదని, పక్కకు తిప్పి పడుకోబెడితే చాలని కూడా చెప్పారు. తర్వాత, మాటల్లో కాదు, ఎలా జరిగిందో చేసి చూపించు అన్నారు.

చేసి చూపించాను. ఆ గది మధ్యలో నిలబడి తల కుడివైపు మెల్లగా తిప్పాను. కుడి పిడికిలి బిగించి, మోచెయ్యి వంచాను. ఆ మేక అరుపు కూడా, నా గొంతుకు వచ్చినంత. వాడు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. తన ఒంటికి జరిగినదాన్ని మొదటిసారి, నా ఒంటి మీద చూస్తున్నాడు.

"నేను గిట్ల జేసిన్నా?" అన్నాడు చిన్నగా.

"ఔ."

"మస్తు గట్టి గుండె బావా నీది. గిది జూసి గూడ ఉల్లిగడ్డలు గోసినవ్."

డాక్టరమ్మ ఏమన్నాడని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజు తర్వాత వాడి మాట ఒక్కటి కూడా నేను మార్చలేదు.

పరీక్ష మర్నాటికి పెట్టారు. అబుదాబి పక్కనున్న ముసఫాలో తెలిసినవాళ్ల రూములో ఉండిపోయాం. వాడు మేలుకుని ఉన్నాడు, వాడితో నేనూ. మాటల్లేవు. నాకు కునుకు పడితే మాత్రం కాలితో పొడిచి "డ్యూటీ" అనేవాడు.

పొద్దున వైర్లు పెట్టగానే వాడు పసిపిల్లాడిలా నిద్రలోకి జారాడు. తెర మీద గీతలు మెత్తబడి, వెడల్పయి, నింపాదిగా సాగాయి. అంతలో కొన్ని గీతల మీద సూదుల్లాంటి మొనలు లేచాయి. లేచి పోయాయి. మళ్లీ లేచాయి. వాడు కదల్లేదు, కనురెప్ప కూడా ఆడలేదు. టెక్నీషియన్ నావైపు ఒకసారి చూసి తెరవైపు తిరిగింది. వాడు అంత ప్రశాంతంగా పడుకుని ఉండగా లోపల అది అలా లేస్తూనే ఉంది. పైన టవర్ మీద, సముద్రం చూస్తూ నిలబడినప్పుడు కూడా లేచే ఉంటుంది. నేను కింద నిలబడి ఎంత చూసినా నాకేం కనబడేది?

మందులు మొదలుపెట్టారు. ఎత్తు ఎక్కకూడదు, బండి నడపకూడదు. ముదీర్‌కు నేనే పోయి చెప్పాను, ముందే తెలిసీ పైకి పంపానని కూడా. ఆయన నా హెల్మెట్ మీదున్న ఫోర్‌మన్ స్టిక్కర్ పీకేయమన్నాడు. అది న్యాయమే. మిగతా షట్‌డౌన్ మామూలు పనివాడిలా పైపులు మోశాను. మనుషులు అవసరమైన రోజులు కాబట్టి బామ్మర్దిని కింద టూల్ స్టోర్‌లో పెట్టారు. వాడి పని అక్కడే కుదురుకుంది.

ఫోన్‌లో నా భార్యకు అంతా చెప్పాను. ఆమె అంది, "వాడు నా తమ్ముడని అడుగుతలే. గన్ని దినాలు నీకు నిద్రెట్ల పట్టింది?" నిజం చెప్పాలంటే పట్టింది. వాడి గురక వినబడగానే పట్టేది. ఆ మాట ఆమెకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

వాడు నాతో పూర్వంలా ఉండటానికి చాలా కాలం పట్టింది. పూర్తిగా పూర్వంలా లేడు కూడా. డాక్టరు దగ్గరికి ఇప్పుడు ఒక్కడే పోతాడు. ఇంగ్లీషు మాటలు ఫోన్‌లో అడిగి నేర్చుకుంటాడు, నన్ను మాత్రం అడగడు. "నేను చూసుకుంట" అని నా నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను.

మొన్న మా రూములోకి కొత్తగా ఒకతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. పెట్టె ఇంకా విప్పకముందే పైమంచం నాకు వదిలి కిందికి మారిన బామ్మర్ది తన మంచం మీదినుంచి అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా.

"అన్నా, ముందుగాల్నే జెప్తున్న. నాకు మూర్ఛ ఉన్నది. గోలీలేసుకుంటున్న, ఈ మధ్యల రాలే. ఒకవేళ అస్తె భయపడకు. పక్కకు దిప్పి పండవెట్టు. నోట్ల ఏం పెట్టకు. తలెటు దిరిగింది, ఏ చెయ్యి బిగిసింది, మంచిగ జూసి యాది పెట్టుకో. నేను లేసినంక నాకు జెప్పు."

కొత్తతను తలూపి, "మరి చేతుల ఇనుము పెట్టొద్దా? మా దిక్కు తాళంచెవులు పెడ్తరు" అన్నాడు.

"తాళాలా?" బామ్మర్ది నావైపు చూడకుండానే దిండు సర్దుకున్నాడు. "తాళాలు మా బావ కాడ ఉంటయి. గాయిన్ను మాత్రం అడగకు."

కొత్తతను అర్థం కాక ఇద్దరి ముఖాలూ చూశాడు. నేను జేబులోంచి తాళాలు తీసి, గోడకున్న మేకుకు తగిలించాను.